ఆర్‌వీ-12తో ఆరేళ్లు: 640 గంటలు ఎగిరాక

స్విచ్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని, నా రెండు సీట్ల చిన్న విమానం ఆర్‌వీ-12 ప్రొపెల్లర్‌ని చేత్తో మెల్లగా తిప్పుతాను. పది పన్నెండుసార్లు తిరిగాక ఆయిల్ ట్యాంకులోంచి గుటగుటమని చప్పుడొస్తుంది. ఇంజిన్ అడుగున మిగిలిన ఆయిలంతా ట్యాంకులోకి వచ్చేసిందని దానర్థం. అప్పుడే మూత తీసి కొలవాలి. మొదటి ఏడాది ఒక వర్క్‌షాప్‌లో ఈ పని చేయకుండానే కొలిచి, తక్కువైందనుకుని లీటరు కలిపేశారు. మర్నాడు ఎగిరి దిగేసరికి విమానం పొట్టంతా ఆయిలే. ఆ తర్వాత 16 గంటల ఇన్‌స్పెక్షన్ కోర్సు చేసి, ఏటా జరిగే తనిఖీ నేనే చేసుకుంటున్నాను. ఈ విమానం గురించి నేను నేర్చుకున్నదాంట్లో సగం అలా వచ్చిందే.

నేనుండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. ఆరెగాన్‌లోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ నుంచి విడిభాగాల కిట్ తెప్పించుకుని ఒక రిటైరైన పెద్దాయన తన గ్యారేజీలో రివెట్ రివెట్ కొట్టి కట్టుకున్న విమానం ఇది. ఆయన దగ్గర కొన్నాను. అమెరికాలో 2004లో వచ్చిన లైట్ స్పోర్ట్ (తేలికపాటి చిన్న విమానాల) నిబంధనలకి సరిపోయేలా గీసిన డిజైన్: బరువు 1,320 పౌండ్లు, అంటే 600 కిలోలు దాటకూడదు, వేగం 120 నాట్లు, అంటే గంటకి దాదాపు 222 కిలోమీటర్లు మించకూడదు అని అప్పటి నియమం. దీని మంచీ చెడూ రెండూ ఆ లెక్కలోంచే పుట్టాయి.

రెక్కలు ఊడదీసి ట్రైలర్ మీద ఇంటికి తీసుకెళ్లొచ్చు. లోపల రెండు పిన్నులు లాగితే చాలు, ఇద్దరుంటే నిమిషాల పని. అందుకే పెట్రోలు రెక్కల్లో పెట్టలేదు, సీట్ల వెనక 20 గ్యాలన్ల ట్యాంకు ఉంటుంది. వీపు వెనకే పెట్రోలు అంటే మా ఆవిడకి మొదట్లో చాలా టెన్షన్‌గా ఉండేది. నిజానికి ఆరేళ్లలో నేను రెక్కలు తీసింది రెండేసార్లు. ఈ సౌకర్యం చూసి మాత్రమే కొనొద్దని చెబుతాను.

చూసి కొనాల్సింది కూర్చునే చోటు. రెక్క దూలానికి ముందు కూర్చుంటాం కాబట్టి కిందికి చూపు ఎక్కడా ఆగదు. నాన్న తెనాలి నుంచి వచ్చినప్పుడు పొద్దున్నే రెడ్ రివర్ వరకు తీసుకెళ్లాను. ఆయన నదినీ దాని ఎర్ర నీళ్లనీ వదిలేసి పొలాలకేసే చూస్తూ, "ఏరా, ఇక్కడ ప్రతి పొలానికీ ఓ చెరువుందేంట్రా?" అన్నారు. పశువుల కోసం తవ్వుకున్న గుంటలవి. ఇన్నిసార్లు ఆ దారిన వెళ్లినా నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

ఇంజిన్ రోటాక్స్ 912 యూఎల్ఎస్, 100 హార్స్‌పవర్. పాత సెస్నా విమానాలకి అలవాటుపడినవాళ్లు మీటర్‌లో 5,200 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) చూసి కంగారు పడతారు. మధ్యలో గేర్‌బాక్స్ ఉంది, ప్రొపెల్లర్ తిరిగేది 2,140 దగ్గరే. ఆ సెట్టింగ్‌లో నాకు 112 నాట్లు వస్తుంది, గంటకి ఐదు గ్యాలన్ల లోపే తాగుతుంది. గ్యాస్ స్టేషన్‌లో దొరికే ప్రీమియం పెట్రోలే పోస్తాను. విమానాల పెట్రోల్లో సీసం ఉంటుంది, అది వాడితే ఆయిల్ తొందరగా మార్చాలి.

విమానాన్ని నడిపే కర్ర, అంటే స్టిక్, చాలా తేలిక, రెండు వేళ్లు చాలు. తోక అడ్డరెక్క మొత్తం ఒకే ముక్కగా కదులుతుంది కాబట్టి కొత్తవాళ్లు గట్టిగా లాగితే ముక్కు గబుక్కున పైకి లేస్తుంది. ముందు చక్రానికి స్టీరింగ్ లేదు, నేల మీద బ్రేకులతోనే తిప్పాలి. ఇవన్నీ పది గంటల్లో అలవాటవుతాయి. అలవాటు కానిది జులై మధ్యాహ్నం. ఇంత తేలిక విమానాన్ని ఎండగాలి పేలాలు వేయించినట్టు ఎగరేస్తుంది. పైగా తల మీద గాజుగూడులాంటి మూత, కెనోపీ. రన్‌వే దాకా దాన్ని జానెడు తెరిచి ఉంచుతాను. తర్వాత మూసి, లాక్ పడిందో లేదో చేత్తో పైకి నెట్టి చూశాకే పవర్ ఇస్తాను. వేసవిలో పొద్దున తొమ్మిదింటికల్లా దిగిపోతాను.

బరువు లెక్క ప్రతిసారీ కాగితం మీద వేయాల్సిందే. నా విమానం ఖాళీ బరువు 745 పౌండ్లు. నేను, మా ఆఫీసు స్నేహితుడు కలిసి 435. టెక్సాస్‌లోనే ఉన్న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో రెండు రాత్రులుందామని 50 పౌండ్ల సామాను వేసుకుంటే 1,320కి ఇక మిగిలింది 90, అంటే 15 గ్యాలన్ల పెట్రోలు. రెండు గంటల ప్రయాణానికి అది చాలు. చాలని రోజున సామాను దించాలి. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకోకూడదు.

2025 అక్టోబరు నుంచి స్పోర్ట్ పైలట్లు, అంటే ఇలాంటి తేలిక విమానాల లైసెన్సున్నవాళ్లు, ఇంతకంటే పెద్ద విమానాలూ నడపొచ్చు. మార్చేస్తావా అని మిత్రులు అడుగుతున్నారు. నేను మార్చను. నేను ఎగిరే గంటల్లో మూడొంతులు ఒక్కడినే, మిగతా గంటల్లో పక్కన ఒకరు.

మీరు పాతది కొంటుంటే పెయింటు తర్వాత చూడొచ్చు, ముందు రబ్బరు గొట్టాలు మార్చిన తేదీ చూడండి. ఐదేళ్లకోసారి మార్చాలి, తక్కువ ఖర్చేం కాదు. నాకు అమ్మినాయన ఆ తేదీ ఇంజిన్ మూత లోపల స్టిక్కర్ మీద రాసి పెట్టారు. పోయిన చలికాలం గొట్టాలన్నీ మార్చి, దాని కిందే నా తేదీ రాశాను.