నియోజకవర్గ రిపోర్టర్ పోస్టు అమ్ముతున్నారు, డబ్బు కట్టకండి

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం వైపు డిగ్రీ అయిపోయి విలేకరి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లూ, వాళ్ల అమ్మానాన్నలూ ఇది ఒకసారి చదవండి. "జర్నలిజంలో ఆసక్తి గల యువతకు సువర్ణావకాశం. మండల, నియోజకవర్గ, జిల్లా ఇన్‌ఛార్జి పోస్టులు. అనుభవం అవసరం లేదు" అంటూ వాట్సాప్ స్టేటస్‌ల్లో ఒక ప్రకటన తిరుగుతోంది. ఫోను చేస్తే ముందు చెప్పేది రేటే. మండలానికి పది వేలు, నియోజకవర్గానికి పాతిక వేలు, జిల్లాకి యాభై. నేను పాతిక కట్టాను. దాని వెనక ఏం నడుస్తుందో, పైసా కట్టకుండా ఈ రంగంలోకి రావడానికి ఏ దారులున్నాయో రాస్తున్నాను. కేసు వేస్తున్నాను కాబట్టి సంస్థ పేరు ఇక్కడ పెట్టడం లేదు. పెట్టినా ఉపయోగం తక్కువే, ఇవాళ ఒక లోగో, ఆర్నెల్లకి ఇంకో లోగో.

మన వైపు పిల్లలకి తెలిసిన దారి ఒకటే. ఈనాడు, సాక్షి లాంటి పత్రికల జర్నలిజం స్కూళ్లు నోటిఫికేషన్ వేస్తే రాత పరీక్ష రాయడం, రాకపోతే ఇంకో ఏడాది ఆగడం. రాసేవాళ్లు అన్ని జిల్లాల నుంచీ ఉంటారు, తీసుకునేది కొద్దిమందినే. ఆ ఫలితాల్లో పేరు లేనివాళ్ల కోసమే ఈ బేరగాళ్లు కాచుక్కూర్చుంటారు. ఒక్క సంగతి గమనించండి. అంత పోటీ ఉన్న స్కూళ్లు కూడా శిక్షణ కాలంలో స్టైపెండ్ తామే ఇస్తాయి. ఒప్పందం రాయించుకుంటాయి, నిజమే, కానీ పోస్టుకింత అని అభ్యర్థి దగ్గర వసూలు చేయవు.

వీళ్ల ఆఫీసు రాజమండ్రిలో ఒక సెల్‌ఫోన్ల షాపు మీద మొదటి అంతస్తు. గోడ నిండా నాయకులతో దిగిన ఫోటోలు. కంప్యూటర్ ఒకటి ఉంది, దాని మీద ఫ్లెక్సీ డిజైన్ నడుస్తోంది. వార్తలు రాసే మనిషి ఎవరూ కనపళ్లేదు. ఎండీ అని చెప్పుకున్నాయన నన్ను "బ్రదర్" అనీ, మా నాన్నగారిని "సార్" అనీ పిలుస్తూ మాట్లాడాడు. డబ్బుకి పెట్టిన పేరు డిపాజిట్. ఏడాది తరవాత తిరిగిచ్చేస్తారట. ఐడీ కార్డు, మైకు లోగో, జాకెట్ ఇస్తారట. మా నాన్నగారు "జీతం ఎంతండి?" అని అడిగారు. "జీతం ఏముంది సార్, ఫీల్డులో దిగితే జీతం సంగతి మనవాడే మర్చిపోతాడు" అన్నాడు. ఫోన్‌పే చేయమన్న నంబరు మీద ఎవరో ఆడవాళ్ల పేరు వచ్చింది. సంస్థ పేరు మీద బ్యాంకు ఖాతా లేదా అంటే ఆడిటింగ్ జరుగుతోందన్నాడు.

కార్డు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ చేతికీ అలాంటిదే వస్తుంది. ముందు వైపు మూడొంతులు "ప్రెస్" అని ఎర్రక్షరాలు. పైన మూడు సింహాల బొమ్మ. ఆ రాజముద్రని ప్రైవేటు వాళ్లు ఇష్టమొచ్చినట్టు వాడకూడదని 2005లో చట్టమే వచ్చింది. కింద "భారత ప్రభుత్వ గుర్తింపు పొందినది" అనీ, ఒక పొడుగాటి నంబరూ. వెనక వైపు చీమతలకాయంత అక్షరాల్లో "కార్డుదారుని చర్యలకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని ఉంది. ముందు వైపు గుర్తింపు, వెనక వైపు విడాకులు!

ఆ నంబరు "ఉద్యమ్" అనే మాటతో మొదలవుతుంది. అది చిన్న వ్యాపారాలకిచ్చే రిజిస్ట్రేషన్. కిరాణా కొట్టు, ఫ్లెక్సీ షాపు, టైలరింగు, ఏది పెట్టినా ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా తెచ్చుకోవచ్చు. దానికీ పత్రికకీ సంబంధం లేదు. పత్రిక అయితే ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర నమోదు కావాలి. పాత ఆర్‌ఎన్‌ఐ, అంటే పత్రికల రిజిస్ట్రార్ ఆఫీసు, ఇదే, 1867 నాటి చట్టం పోయి 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చాక పేరు మారింది. వాళ్ల వెబ్‌సైట్‌లో టైటిల్ కొట్టి చూస్తే పత్రిక ఉందో లేదో, ఎవరి పేరు మీద ఉందో తెలిసిపోతుంది. యూట్యూబ్ ఛానళ్లకి ఈ నమోదు వర్తించదు. వాటికి ఐటీ నిబంధనలు ఉన్నాయి కానీ, ఛానల్ పెట్టగానే కేంద్రం ఇచ్చే లైసెన్సంటూ ఏదీ లేదు. కాబట్టి "గుర్తింపు పొందిన యూట్యూబ్ ఛానల్" అనే మాట ఎక్కడ కనిపించినా అక్కడే ఆగండి. రాష్ట్రంలో విలేకరులకి ప్రభుత్వం తరఫున వచ్చేది సమాచార, పౌర సంబంధాల శాఖ ఇచ్చే అక్రిడిటేషన్, అంటే ప్రభుత్వ గుర్తింపు కార్డు. బస్సు పాసు రాయితీ లాంటివి ఆ కార్డు మీదే. నేను కొన్న కార్డుకి ఆర్టీసీ డిపోలో విలువ లేదు. ఈతకోట టోల్‌గేటు దగ్గర అయితే అక్రిడిటేషన్ ఉన్నా లేకపోయినా ఒకటే. జాతీయ రహదారుల టోల్ మినహాయింపు జాబితాలో విలేకరులు లేనే లేరు. "టోల్ ఫ్రీ బ్రదర్" అన్నమాట కూడా ప్యాకేజీలో భాగమే కాబట్టి చెబుతున్నాను.

ఇక పని. మొదట్లో ఉత్సాహంగా ఐటెంలు, అంటే వార్తలు, పంపాను. కాలవలో గుర్రపుడెక్క పేరుకుపోయి శివారు పొలాలకి నీరందని సంగతి, పీహెచ్‌సీలో డాక్టరు లేని సంగతి. ఒకటీ వేయలేదు. నెల తిరక్కుండానే టార్గెట్ వచ్చింది. సంక్రాంతికింత, రిపబ్లిక్ డేకింత, ఎమ్మెల్యే పుట్టినరోజుకింత అని శుభాకాంక్షల ప్రకటనలు తేవాలి. తెస్తే ఇరవై శాతం నాది. తేకపోతే డిపాజిట్‌లో కోత. సర్పంచుల దగ్గరికి, రొయ్యల మేత డీలర్ల దగ్గరికి, ప్రైవేటు స్కూళ్ల కరస్పాండెంట్ల దగ్గరికి చెప్పులరిగేలా తిరగాలి. "గొట్టం బాబు వచ్చాడు" అని మొహం మీదే నవ్వేవాళ్లు.

అదైనా ఓర్చుకోవచ్చు. తరవాత చెప్పిన పని వేరు. "ఇసుక ర్యాంపు దగ్గర నిలబడి లారీ నంబర్లు కనపడేలా వీడియో తియ్యి. వెయ్యక్కర్లేదు. చూపించి యాడ్ అడుగు." చెరువు మట్టి ట్రాక్టర్లు, రేషన్ బియ్యం వ్యాన్లు, అన్నిటికీ ఇదే మంత్రం. 1874లో కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధిని పెట్టి లంచగొండుల్ని ఉతికి ఆరేసింది ఈ రాజమండ్రిలోనే, ఇప్పుడు అదే ఊళ్లో లంచం అడగడానికి లైసెన్సు అమ్ముతున్నారు. నేను ర్యాంపుకి వెళ్లలేదు. వెళ్లిన ఇంకో నియోజకవర్గం కుర్రాణ్ణి లారీ ఓనర్లు పట్టుకుని స్టేషన్లో అప్పగించారు. సంస్థకి ఫోను చేస్తే "అతను మా రిపోర్టర్ కాదు" అన్నారట. కార్డు వెనక రాసిన ముక్క ఎందుకుందో అప్పుడర్థమైంది. భారతీయ న్యాయ సంహితలో బెదిరించి వసూలు చేయడం 308వ సెక్షన్. కేసు పడేది చేతిలో మైకు ఉన్నవాడి మీద, డబ్బు తిన్నవాడి మీద కాదు. ఉద్యోగం వెతుక్కునే వయసులో ఎఫ్‌ఐఆర్ ఎక్కితే పాతిక వేలు పోయినదానికన్నా పెద్ద దెబ్బ.

మానేస్తాను, డబ్బిచ్చెయ్యమన్నాను. రెన్యువల్ కడితే కలిపి చూస్తామన్నాడు. ఇప్పుడు నంబరు బ్లాక్.

ఇంకో రకం మోసం కూడా ఉంది, దాని గురించి రెండు మాటలు. "మూడు నెలల యాంకరింగ్, రిపోర్టింగ్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ" అని. నేను అందులో చేరలేదు, కానీ చేరిన ఒకమ్మాయికి ఇచ్చిన ఉద్యోగం ఆ ఇన్‌స్టిట్యూట్‌కే విద్యార్థుల్ని తెచ్చే టెలికాలర్ పని. చదువే కావాలంటే ఆంధ్రా యూనివర్సిటీలో, నాగార్జునలో జర్నలిజం విభాగాలున్నాయి. కోర్సు ఫీజు వేరు, ఉద్యోగానికి ఫీజు వేరు. రెండోది ఎవడడిగినా లేచి వచ్చేయండి.

మరి స్కూళ్లలో సీటు రానివాడికి దారేది? ఉంది. కానీ నిదానంగా నడిచే దారి. పెద్ద పత్రికల ఎడిషన్ సెంటర్లు రాజమండ్రిలో ఉన్నాయి. వాటికి మండలాల్లో కంట్రిబ్యూటర్లు, అంటే నెల జీతం లేకుండా వార్తలు పంపే విలేకరులు ఉంటారు. ఖాళీ వస్తే ప్రకటన పడదు, పక్క మండలం విలేకరి నోటి ద్వారా తెలుస్తుంది. కాబట్టి వాళ్లతో పరిచయం పెంచుకోవాలి. డబ్బు లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్త కొలత ప్రకారం. దాని మీద ఇల్లు గడవదు, ఈ మాట ముందే తెలుసుకుని దిగండి. పత్రికా ఉద్యోగుల జీతాల మీద మజీఠియా వేతన సంఘం చేసిన సిఫార్సుల్ని 2014లో సుప్రీంకోర్టు సమర్థించినా, కంట్రిబ్యూటర్ల దాకా ఆ ఫలం రాలేదు. యాడ్ టార్గెట్ల బాధ పెద్ద పత్రికల్లోనూ ఉంది, దాచడం దేనికి. అయితే అక్కడ రాసింది అచ్చవుతుంది, సరిదిద్దే డెస్క్ ఉంటుంది, రెండేళ్లకి చూపించుకోవడానికి కటింగులు మిగులుతాయి.

రిపోర్టింగే కావాలని పట్టుబట్టకపోతే డెస్క్ వైపు తలుపు కొంచెం వెడల్పు. వెబ్‌సైట్లు, పొట్టి వార్తల యాప్‌లు, ఫ్యాక్ట్‌చెక్ సంస్థల తెలుగు విభాగాలు సబ్ ఎడిటర్లని ఏడాది పొడుగునా తీసుకుంటుంటాయి. పరీక్ష ఏం పెడతారంటే, ఒక ఇంగ్లిష్ వార్త ఇచ్చి తెలుగులో రాయమంటారు, రెండు పేజీల ప్రెస్‌నోట్ ఇచ్చి ఆరు వాక్యాలు చేయమంటారు, హెడ్డింగ్ పెట్టమంటారు. యూనికోడ్ టైపింగ్ ధారాళంగా రావాలి. పేజీలు పెట్టే చోట 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లు కూడా అడుగుతారు. ఈ రెండూ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. నాకు పని దొరికింది ఇలాగే. హైదరాబాద్‌లో ఒక డిజిటల్ డెస్క్‌లో రాత్రి షిఫ్టు. జీతం గొప్పగా లేదు, నెల నెలా పడుతోంది. చేరేటప్పుడు వాళ్లడిగింది ఆధార్, డిగ్రీ సర్టిఫికెట్, రాసిన నాలుగు వార్తలు.

ఆ నాలుగు వార్తలూ మీ ఊరివే అయితే ఇంకా మంచిది. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారని అందరూ రాస్తారు. ఏ హెచ్చరికకి ఏ లంక దారి తెగుతుందో, కనకాయలంక కాజ్‌వే మునిగితే అక్కడి పిల్లలు బడికి ఎలా వెళ్తారో హైదరాబాద్ డెస్క్‌కి తెలియదు. 2025 ఆగస్టులో మన ఎగుమతుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు వంద కౌంటు (కిలోకి వంద తూగే) రొయ్య ధర చెరువు గట్టు మీద ఎంత పలికిందో భీమవరం పిల్లాడికి తెలుసు. అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరి ధర ఎందుకు దిగిందో అక్కడివాళ్లకే తెలుసు. ఆక్వా రైతుల కోసం వచ్చే మాసపత్రికలు కూడా ఇలాంటి రాత తెలిసినవాళ్ల కోసం చూస్తుంటాయి, మన పిల్లలు ఆ వైపే చూడరు.

ఆకాశవాణి జిల్లాల్లో పార్ట్‌టైమ్ కరస్పాండెంట్లని, ప్రాంతీయ వార్తా విభాగంలో క్యాజువల్ ఎడిటర్లని, న్యూస్ రీడర్లని తీసుకుంటుంది. ప్రకటన వాళ్ల అధికారిక వెబ్‌సైట్‌లోనే పడుతుంది. దీని పేరు చెప్పి కూడా దళారులు తిరుగుతున్నారు. ప్రభుత్వ నోటిఫికేషన్‌కి దరఖాస్తు రుసుము ఉన్నా ఆ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది, ఎవరి ఫోన్‌పేకీ పంపక్కర్లేదు.

ఎవరైనా పిలిచారనుకోండి, వెళ్లేముందు వాళ్ల దగ్గర ఇప్పటికే చేస్తున్న ఒక విలేకరి పేరడిగి, అతనికి ఫోను చేసి "పోయిన నెల మీకు ఎంత పడింది?" అని అడగండి. మొహమాటపడకండి. నంబరు ఇవ్వడానికి నసిగారంటే బేరం అక్కడే తేలిపోయింది. జిల్లా పౌర సంబంధాల అధికారి ఆఫీసులో కూడా ఆ సంస్థ పేరు చెప్పి విచారించవచ్చు.

ఇప్పటికే కట్టినవాళ్లకి. డబ్బు ఈమధ్యే ఆన్‌లైన్‌లో పంపి, మోసం అని తెలిసిన వెంటనే అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. మిగతావాళ్లు 1915కి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, రాజమండ్రి పోనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. జరిగిన రెండేళ్ల లోపు వేయాలి. నేను ఫోన్‌పే రసీదు, కార్డు రెండు వైపులా ఫోటో, టార్గెట్ల గురించి వాళ్లు పంపిన వాయిస్ మెసేజ్‌లు జతచేస్తున్నాను. వాయిస్ మెసేజ్‌లు ముందే దాచుకోండి, గొడవ మొదలవగానే వాళ్లవైపు నుంచి డిలీట్ చేస్తారు. పైన చెప్పిన రేట్లు, మూడు సింహాల కార్డు, ఆడవాళ్ల పేరుతో ఫోన్‌పే, ఇవన్నీ మీకూ ఎదురై ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఒకే రకంగా నష్టపోయినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఫిర్యాదు చేసే వీలుంది. మా లాయరు గారు కనీసం నలుగురైదుగురు ఉంటే బావుంటుందన్నారు, ప్రస్తుతం ఇద్దరమే ఉన్నాం.