మార్విలాలో ఆరు గ్లాసులు: పోర్చుగీసు వంటల పక్కన క్రాఫ్ట్ బీరు

బీరూ వంటకమూ కలిపిన ఆరు జతల్లో మూడు చక్కగా కుదిరాయి, రెండు ఫర్వాలేదు, ఒకటి పూర్తిగా చెడింది. చెడింది ఐపీఏ దగ్గర, అంటే హాప్స్ అనే పువ్వుల చేదు ఎక్కువగా ఉండే బీరు దగ్గర. అందులో వంటవాళ్ల తప్పు లేదు, బీరు తయారుచేసినవాళ్ల తప్పూ లేదు. ఏ గ్లాసు పక్కన ఏ పళ్ళెం పెట్టాలో తేల్చినవాళ్లదే తప్పంతా.

లిస్బన్ తూర్పున, తేజు నది ఒడ్డున పాత గోదాముల పేట మార్విలా. డోయిష్ కోర్వూష్, మూజా లాంటి క్రాఫ్ట్ బీరు పేర్లు పైకొచ్చింది ఇక్కడే. మొదటిదాని పేరుకి రెండు కాకులని అర్థం. లిస్బన్ నగర చిహ్నంలో ఓడ మీద వాలిన కాకులవి. రెండోవాళ్లకి రాక్ సంగీతం పిచ్చి. ఒక బీరు పేరు మిక్ లాగర్, ఇంకోటి ఫ్రాంక్ ఏపీఏ, రాక్ గాయకులు మిక్ జాగర్, ఫ్రాంక్ జాపా పేర్ల మీద ఆట అది. ఇక్కడ చెప్పుకునే విందు మాత్రం ఆ రెండు చోట్లా జరిగింది కాదు, అదే పేటలోని ఓ చిన్న ట్యాప్‌రూమ్‌ది, అంటే కుళాయి నుంచి నేరుగా బీరు పోసిచ్చే చోటుది. ఆరు బీర్లు, ఆరు చిన్న పళ్ళేలు, రెండున్నర గంటలు.

మోతాదుతో మొదలుపెడదాం. గ్లాసుకి 120 మిల్లీలీటర్లు. బీర్లు వరుసగా 5, 5, 5.5, 6.5, 6, 10 శాతం ఆల్కహాలువి. లెక్క వేస్తే మొత్తం 720 మిల్లీలీటర్ల బీరు, అందులో అసలు ఆల్కహాలు 46 మిల్లీలీటర్ల లోపే. మన దగ్గర దొరికే 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 52 ఉంటుంది. అంటే ఆరు గ్లాసులూ కలిపినా మన ఒక్క సీసాకి తక్కువే. ఇంత తక్కువేమిటని పక్క బల్ల మీద గొణుగుడు వినిపించింది గానీ, రుచి చూడ్డానికి వచ్చినవాళ్లకి ఈ కొలత సరైనదే. నాలుగో గ్లాసు దాటాక నాలుక మొద్దుబారిపోతే ఐదో బీరు గురించి ఏం చెప్పగలరు? కడుపు నిండా తాగాలనుకుంటే లిస్బన్‌లో ఏ కొట్టుకెళ్లి ఇంపెరియల్ అన్నా 200 మిల్లీలీటర్ల గ్లాసు, కనేకా అంటే అర లీటరు మగ్గు చేతికొస్తాయి. అదే చిన్న గ్లాసుని ఉత్తరాది నగరం పోర్టోలో ఫీను అంటారు. అక్కడికెళ్లి ఇంపెరియల్ అని అడిగితే మీరు లిస్బన్ నుంచి వచ్చారని వెంటనే తెలిసిపోతుంది.

మొదటి జత లాగరు అనే తేలికైన బీరు, ట్రెమోసూష్. ట్రెమోసూష్ అంటే ఉప్పునీళ్లలో ఊరిన పసుపుపచ్చని లుపిన్ గింజలు. పోర్చుగల్‌లో బీరు పక్కన ఇవి లేకపోతే వెలితిగా ఉంటుంది, మనకి వేయించిన పల్లీల్లాగా. పచ్చి గింజ విపరీతమైన చేదు, అందులోని ఆల్కలాయిడ్లు వంటికి మంచివి కావు. అందుకే ఉడకబెట్టి, నీళ్లు మారుస్తూ చాలా రోజులు నానబెట్టి, చేదు పోయాకే ఉప్పునీళ్లలో వేస్తారు. తినే పద్ధతి ఉంది: గింజ అంచున పంటితో చిన్న గాటు పెట్టి, రెండు వేళ్లతో నొక్కితే లోపలి పప్పు నోట్లోకి జారుతుంది, తొక్క చేతిలో ఉండిపోతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. వేరుశనగ పడనివాళ్లలో కొందరికి లుపిన్ కూడా పడదు. నిర్వాహకులు ఆ మాట ముందే చెప్పారు, ఆ జాగ్రత్త మెచ్చుకోవాలి. లాగరు శుభ్రంగా ఉంది. గ్లాసు గోడలకి బుడగలు అంటుకోలేదు. అంటుకుంటే సబ్బో జిడ్డో మిగిలినట్టు లెక్క.

ఈ సాయంత్రానికంతటికీ మేలైనది రెండో జత. బెల్జియం తరహా గోధుమ బీరు విట్‌బియర్, దాని పక్కన అమేయ్‌జోవష్ ఆ బుల్యావ్ పాటు. 19వ శతాబ్దపు కవి బుల్యావ్ పాటు పేరు మీద నిలిచిపోయిన ఆల్చిప్పల వంటకం ఇది. ఆలివ్ నూనె, వెల్లుల్లి, కొత్తిమీర, నిమ్మకాయ, అంతే. యూరప్‌లో పచ్చి కొత్తిమీరని ఇంత ధారాళంగా వాడే దేశం పోర్చుగల్, అందులోనూ దక్షిణాన అలెంతేజు వైపు మరీ ఎక్కువ. విట్‌బియర్‌లో పడేవి ధనియాలు, నారింజ తొక్క. ఒకే మొక్క ఆకు పళ్ళెంలో ఉంది, గింజ గ్లాసులో ఉంది. ఆకు పచ్చివాసనని ధనియాల సువాసన పట్టుకుంటుంది, నిమ్మ పులుపుకి నారింజ తొక్క తోడవుతుంది. చేదు చాలా తక్కువ కాబట్టి ఆల్చిప్పల తీపి కనబడుతుంది. ఇంతకంటే తేలికగా అర్థమయ్యే జత ఇంకోటి ఉండదు, ముఖ్యంగా ధనియాలూ కొత్తిమీరా రోజూ వాడే తెలుగువాళ్లకి.

ఇంట్లో చేసుకోదలిస్తే కిలో ఆల్చిప్పలకి నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, ఆరు పెద్ద చెంచాల ఆలివ్ నూనె, ఒక కట్ట కొత్తిమీర, ఒక నిమ్మకాయ సరిపోతాయి. అసలు పని ఇసుక వదిలించడం. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపి, అంటే దాదాపు సముద్రపు నీటి ఉప్పదనంతో, చల్లని చోట కొన్ని గంటలు ఉంచాలి. మంచినీళ్లలో వేస్తే అవి ఇసుక వదలకముందే చచ్చిపోతాయి. విరిగినవి, తట్టినా మూసుకోనివి వండకముందే పారేయాలి. నూనెలో వెల్లుల్లి రంగు మారకముందే చిప్పలు వేసి మూత పెడితే పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాల్లో తెరుచుకుంటాయి. తెరుచుకోనిదాన్ని బలవంతంగా విప్పి తినకూడదు. కొత్తిమీర సగం మొదట్లో, సగం దించేముందు. ఉప్పు వేయనక్కర్లేదు, చిప్పల్లోంచి వచ్చే నీరే ఉప్పగా ఉంటుంది. ఈ వంటగది ఒక్క చోట పిసినారితనం చూపింది: రొట్టె చాలినంత ఇవ్వలేదు. అడుగున మిగిలే ఆ రసం రొట్టెతో అద్దుకు తినకపోతే సగం వంటకం వదిలేసినట్టే.

మూడోది పేల్ ఏల్ అనే ఓ మాదిరి చేదు బీరు, పటానిష్కష్. ఉప్పు పెట్టి ఎండబెట్టిన కాడ్ చేప బకల్యావ్. దాన్ని పొరలుగా విడదీసి, ఉల్లిపాయ, పార్స్‌లీ, గుడ్డు, మైదా పిండిలో కలిపి నూనెలో వేసే పలచటి వడలే పటానిష్కష్. ఇక్కడ జత సరైనదే. ఉప్పు బీరు చేదుని తగ్గిస్తుంది, బీరులోని గ్యాసు నాలుక మీది నూనెని కడిగేస్తుంది. తప్పంతా పొయ్యి దగ్గర జరిగింది. నూనె 180 డిగ్రీల దగ్గర ఉండాలి. ఒకేసారి చాలా వడలు వేస్తే వేడి పడిపోయి పిండి నూనె తాగుతుంది. మా బల్లకి వచ్చిన రెండో విడత సరిగ్గా అలాగే ఉంది. జిడ్డు పెదాలు గ్లాసుకి తగలగానే బీరు నురగ కూడా చచ్చిపోయింది. చేప నానబెట్టడం మాత్రం కచ్చితంగా చేశారు. మందాన్ని బట్టి 24 నుంచి 48 గంటలు, ఫ్రిజ్‌లోనే, ఆరేడు గంటలకోసారి నీళ్లు మార్చాలి. తగ్గితే ఉప్పుకల్లు నమిలినట్టుంటుంది, మరీ ఎక్కువైతే ఉత్త పీచు మిగులుతుంది.

ఇక ఐపీఏ. నాలుగో పళ్ళెంలో రెండు ఉన్నాయి: పిరిపిరి అనే మిరప నూనె పూసిన కాల్చిన కోడి, ఒక ముక్క సెర్రా ద ష్ట్రెలా జున్ను (చీజ్). విడివిడిగా రెండూ బాగున్నాయి, ఐపీఏ కూడా మామిడి, పంపరపనస లాంటి గ్రేప్‌ఫ్రూట్ వాసనలతో ఘుమఘుమలాడింది. కలిపితేనే గొడవ. మిరపలోని క్యాప్సైసిన్ మంటని చేదు, ఆల్కహాలు రెండూ ఎగదోస్తాయి. తెలుగు నాలుకకి ఆ పిరిపిరి పెద్ద లెక్కలోది కాదు, మనకి మిరపకాయ చేరవేసినవాళ్లూ పోర్చుగీసులే. అయినా ఐపీఏ గుక్క పడగానే ఆ కొద్ది కారమే గొంతులో గరగరలాడింది. కారానికి కావలసింది మాల్టు, అంటే మొలకెత్తించిన ధాన్యం తీపి ఉన్న బీరు.

జున్నుతో ఇంకా పెద్ద చిక్కు. ఈ గొర్రెపాల జున్నుని దూడ కడుపులోంచి తీసే తోడుతో కాక, కార్డూ అనే ముళ్లమొక్క పువ్వుల కషాయంతో తోడుపెడతారు. అందుకే లోపల వెన్నలా జారుతుంది, చివర్లో సన్నని చేదు, కాస్త పులుపు తగులుతాయి. ఆ చేదే దాని అందం. దాని మీద హాప్స్ చేదు పడితే రెండూ కలిసి వేపాకు నమిలినట్టయింది. పైగా జున్ను ఫ్రిజ్‌లోంచి తిన్నగా బల్ల మీదికొచ్చింది. గంట, గంటన్నర ముందే బయట పెట్టి, పైపొర మూతలా కోసి, చెంచాతో తీసుకునేంత మెత్తబడ్డాక ఇవ్వాల్సింది.

దిద్దుబాటు కష్టమేమీ కాదు. ఐపీఏని పటానిష్కష్ పక్కకి జరిపితే ఉప్పు దాని చేదుని లొంగదీస్తుంది. పేల్ ఏల్‌కి అజోర్ష్ దీవుల ఆవుపాల జున్ను సావ్ జోర్జ్ ఇస్తే చాలు. అది గట్టిది, కాస్త ఘాటుది, ముళ్లమొక్క చేదు లేనిది. పిరిపిరి కోడి ఐదో గ్లాసుకి పోవాలి. ఇంత తేలికైన మార్పు నిర్వాహకులకి తట్టకపోవడానికి కారణం ఊహించవచ్చు. ఐపీఏ వాళ్ల పేరు నిలబెట్టిన బీరు, పక్కన పెద్ద పళ్ళెం లేకపోతే చిన్నబోతుందనుకున్నారు. పోర్చుగీసు భోజనం ఉప్పు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, వెనిగర్ల మీద నడుస్తుంది. దాని పక్కన చేదు ఎక్కువైన బీరుకి దొరికే చోటు చిన్నదే. సార్డీన్ లాంటి నూనెచేపలతో అయితే ఐపీఏ జోలికే పోవద్దు, నోట్లో ఇనుము నాకినట్టుంటుంది.

ఐదోది మిల్క్ స్టౌట్ అనే నల్లని తియ్యటి బీరు, షోరీసు అసాదు. మట్టి పళ్ళెంలో అగ్వర్దెంత్ సారా పోసి, అంటించి, ఆ మంట మీద పంది సాసేజిని తిప్పుతూ కాలుస్తారు. చూడ్డానికి సంబరం. పాప్రికా పొగవాసనకి స్టౌట్‌లోని మాడు వాసన సరిజోడు. మిల్క్ స్టౌట్‌లో పడే లాక్టోజ్ అనే పాల చక్కెరని బీరు ఈస్టు పులియబెట్టలేదు కాబట్టి ఆ తీపి అలాగే మిగులుతుంది, కారాన్ని చల్లారుస్తుంది. పాలు అరగనివాళ్లు ఈ గ్లాసు వదిలేయడం మంచిది. ఆ మాట ఎవరూ చెప్పలేదు, లుపిన్ గురించి అంత శ్రద్ధ చూపినవాళ్లు దీన్నెలా మరిచారో! బీరు కూడా మరీ చల్లగా వచ్చింది. లాగరు 4 నుంచి 6 డిగ్రీలు, విట్‌బియర్ 5 నుంచి 7, ఐపీఏ 7 నుంచి 9, స్టౌట్ 10 నుంచి 12. అన్నీ ఒకే కూలర్‌లోంచి 4 డిగ్రీల దగ్గర వచ్చేస్తే స్టౌట్‌లో చాక్లెట్టూ కాఫీ వాసనా పైకి రావు. పది నిమిషాలు గ్లాసుని అరచేతుల్లో పట్టుకుని ఆగితే తేడా తెలిసిపోతుంది.

చివరి గ్లాసు పోర్ట్ అనే తియ్యటి వైన్ పీపాలో కొన్నాళ్లు ఉంచిన ఇంపీరియల్ పోర్టర్, ఘాటైన నల్ల బీరు. పీపా మనకి పోర్చుగీసు నుంచే వచ్చిన మాట. పోర్ట్ వైన్ తయారయ్యే దోరూ లోయలో వైన్‌ని ఇప్పటికీ పీపాల లెక్కన కొలుస్తారు, ఒక పీపా 550 లీటర్లు. పోర్టర్‌కీ పోర్టో నగరానికీ మాత్రం చుట్టరికం లేదు, అది లండన్‌లో మోతలు మోసే కూలీల పేరు మీద వచ్చింది. పక్కన పాస్టెల్ ద నాటా. పైన మాడు మచ్చలున్న పచ్చసొన కస్టర్డు, కింద పొరలు పొరలుగా విడిపోయే పిండి. కస్టర్డు మాడుకి బీరు మాడు, పంచదారకి పీపాలోని ఎండుద్రాక్ష తీపి. దాల్చినచెక్క పొడి చల్లుకున్నాక మరీ బాగుంది. నాటాలు పొయ్యిలోంచి వచ్చి గంట కూడా కాలేదు. అది ముఖ్యం. ఫ్రిజ్‌లో పెట్టిన నాటా అడుగు చెమ్మగిల్లి తోలులా సాగుతుంది.

శాకాహారులకి ముందే చెబితే మార్పిడి ఉంది: చేపకి బదులు పైషీన్యూష్ ద ఓర్తా. తోటలోని చిన్న చేపలని అర్థం, నిజానికి అవి పిండిలో ముంచి వేయించిన గ్రీన్ బీన్స్, అచ్చం మన బజ్జీలే. విట్‌బియర్ పక్కన వడలకంటే ఇవే నప్పుతాయి. కాకపోతే ఆ పిండిలో మామూలుగా గుడ్డు కలుపుతారు. శాకాహారమేనని వాళ్లు చెప్పే కాల్దు వెర్ద్ ఆకుకూర సూపులో కూడా ఒక షోరీసు ముక్క తేలుతుండవచ్చు. మాంసం లేదంటే వాళ్లకి అర్థమయ్యేది ఒకటి, మనకి కావలసింది ఇంకోటి. కాబట్టి గుడ్డు, చేప, షోరీసు మూడింటినీ పేరుపేరునా వద్దని బుక్ చేసేటప్పుడే రాయాలి.