ఇటాలియన్ పూజ పాటల మ్యూజిక్ షీట్లు: రోమ్ క్వయర్‌లో పాడుతున్న నా అనుభవం

రోమ్‌లో ఒక కథోలిక విచారణ (పారిష్) గుడి క్వయర్‌లో కొన్నేళ్లుగా ఆల్టో (స్త్రీల కింది గొంతు) పాడుతున్నాను. షీట్లు వెతికి అందరికీ అందించే పనీ నాదే. ఇక్కడ చదువుకునే తెలుగు ఫాదర్లు, సిస్టర్లు పూజ పాటల షీట్ల గురించి తరచూ అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను.

కొత్త పాటలకు ఉచిత షీట్లను నమ్ముకోవద్దు. ఉచితంగా షీట్లు పెట్టే సీపీడీఎల్, ఐఎమ్ఎస్ఎల్పీ సైట్లలో 16వ శతాబ్దపు సంగీతకర్త పాలెస్త్రీనా కావలసినంత దొరుకుతాడు. ఇటలీలో మాత్రం సంగీతకర్త పోయాక 70 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. 1954లో పుట్టిన ఇటాలియన్ సంగీతకర్త మార్కో ఫ్రిజీనా పాటలు అక్కడ వెతికి లాభం లేదు. బయట తిరిగే పీడీఎఫ్‌లలో చాలావరకు ఎవరో విని రాసుకున్నవి. అలాంటి ఒకదానిలో ఆల్టో వరుస తప్పుగా ఉండి, ఆర్గన్‌తో పాడేదాకా మాకు తెలియలేదు. ప్రచురణకర్త దగ్గరే కొనండి. కొనేముందు ఏ ఎడిషనో చూడండి: భక్తుల పాటల పుస్తకంలో రాగం, కార్డ్స్ (తోడు వాయించే స్వరాల గుర్తులు) మాత్రమే ఉంటాయి. నాలుగు గొంతుల వరుసలు, ఆర్గన్ భాగం ఉన్నది వేరే అడగాలి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది మహిమ గీతంతో (గ్లోరియా). 2020లో వచ్చిన కొత్త ఇటాలియన్ పూజా గ్రంథం "దీ బువోనా వోలోంతా" (మంచి మనసున్న) అన్న మాటలు తీసేసి "అమాతీ దల్ సిన్యోరే" (ప్రభువు ప్రేమించిన) అని పెట్టింది. పాత వాక్యం చివరి అక్షరం మీద ఊనికతో ఆగేది. కొత్తది చివరికి ముందు అక్షరం మీద ఊని, మెల్లగా దిగుతుంది. పాత షీట్ మీద పెన్సిల్‌తో మాటలు మార్చేస్తే రాగం ముగింపు ఎబ్బెట్టుగా ఉంటుంది. సంగీతకర్తే సవరించిన ముద్రణ కోసం చూడండి, లేదంటే వేరే మహిమ గీతం ఎంచుకోండి.

అదే వాక్యంలో మనవాళ్లు తడబడే చోటు ఇంకొకటి ఉంది. "పాచే ఇన్ తెర్రా" (భూమి మీద శాంతి) అన్నచోట "చే", "ఇన్" రెండూ ఒకే స్వరం కింద వస్తాయి. మన సంధిలోలాగా ముందు అచ్చును మింగేయకూడదు, రెండూ వినిపించాలి. ముందు పాట లేకుండా, తాళం వేస్తూ చదివిస్తే ఇది త్వరగా పట్టుబడుతుంది.

ఇన్నాళ్లు పాడాక కూడా నాకు విసుగు రానివి ఫ్రిజీనా పాటలే. పల్లవి గుడిలో అందరికీ వస్తుంది, చరణాల్లో క్వయర్‌కి పని ఉంటుంది. ఉత్సాహంలో పల్లవికి కూడా నాలుగు గొంతులూ గట్టిగా ఎత్తుకుంటే జనం నోరు మూసుకుంటారు. ఆ తప్పు చాలా గుళ్లలో విన్నాను, బాధేస్తుంది. మొదటిసారి సోప్రానోలు (స్త్రీల పై గొంతు) మాత్రమే పాడి జనాన్ని కలుపుకోవాలి, మిగతా గొంతులు తర్వాత చేరాలి.

మన ఊళ్లలో మొదలుపెట్టాలనుకుంటే ఆయన "ఆనిమా క్రిస్తీ" మంచిది. మాటలు లాటిన్ కాబట్టి ఇటాలియన్ రాకపోయినా ఫర్వాలేదు. దివ్యసత్ప్రసాదం పంచేటప్పుడు సరిపోతుంది. ఆర్గన్ లేకపోతే కీబోర్డు చాలు.