భీమవరంలో ఎండోస్కోపీ: మత్తుతోనా, మత్తు లేకుండానా?

ముద్ద దిగేటప్పుడు ఛాతీలో పట్టేస్తోందని పాలకొల్లు నుంచి భీమవరంలో ఒక గ్యాస్ట్రో ఆసుపత్రికి వెళ్లాను. ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దించి లోపల చూసే పరీక్ష, మత్తిచ్చి చేయాలా, గొంతుకి తిమ్మిరెక్కించే స్ప్రే కొడితే సరిపోతుందా అని ముందే అడిగారు. ఆ అడగడం బాగా నచ్చింది. బండి మీద ఒక్కడినే వెళ్లాను కాబట్టి స్ప్రే చాలన్నాను.

గొంతులో కొట్టే ఆ తిమ్మిరి మందు (లిగ్నోకైన్) చేదుగా ఉంటుంది. కాసేపటికి మింగుతున్నామో లేదో కూడా తెలియదు. ఎడమ పక్కకి తిప్పి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టారు. గొట్టం నాలిక వెనక దాటేటప్పుడు మాత్రం కడుపు మెలిపెట్టేసింది, కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి. "ముక్కుతో గాలి పీల్చండి, చొంగ కారిపోనివ్వండి, మింగొద్దు" అని సిస్టరమ్మ భుజం పట్టుకుని చెబుతూనే ఉంది. ఆ మాట లేకపోతే నేను గొట్టం లాగేసేవాడినే. గొంతు దాటాక ఓర్చుకోవచ్చు. తిమ్మిరి వదిలాక మజ్జిగ తాగి, బండి నడుపుకుంటూ ఇంటికొచ్చేశాను.

మా అత్తగారికి అక్కడే మత్తిచ్చి చేశారు. ఆవిడకి ఏమీ గుర్తులేదు. కాకపోతే తోడు మనిషి తప్పనిసరి, 24 గంటలు బండి నడపకూడదు, బిల్లూ ఎక్కువే. టెన్షన్ పడేవాళ్లకి మత్తే మేలంటాను. గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే ముందే చెప్పండి.

ఒక్కటే లోపం: పరగడుపున వచ్చినవాళ్లని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. షుగరున్నవాళ్లని ముందు పిలవాలి.