కథోలిక వివాహ సిద్ధపాటు తరగతులు: హాజరైన ఒక జంట అభిప్రాయం

కథోలిక శ్రీసభలో (చర్చిలో) పెళ్లి చేసుకోవాలంటే తేదీ, మండపం, భోజనాల లెక్క తేలితే సరిపోదు. మేత్రాసనం (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతం) నిర్వహించే వివాహ సిద్ధపాటు తరగతులకు వధూవరులిద్దరూ హాజరై, ఆ ధ్రువపత్రాన్ని విచారణ (స్థానిక చర్చి పరిధి) గురువులకు అందజేసిన తర్వాతే, ఫలానావారి పెళ్లి జరగబోతోందని ఆదివారం పూజలో ప్రకటించడం మొదలవుతుంది. కోస్తాంధ్రలోని ఒక మేత్రాసనం జరిపిన రెండు రోజుల తరగతులకు ఈ మధ్యనే నేనూ, ఇప్పుడు నా భర్త అయినవారూ వెళ్లి వచ్చాం. నేను పుట్టుకతో కథోలికురాలిని, వారిది హిందూ కుటుంబం. వసతి సాధారణంగా ఉంది, భోజనం బాగుంది, రుసుము ఎవరికీ భారం కాదు. వాటి గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు, ఎందుకంటే ఈ తరగతులను తూచవలసింది అక్కడ ఏం బోధించారన్న దాన్నిబట్టే.

ముందుగా కాగితాల సంగతి. బీరువాలో భద్రంగా దాచుకున్న పాత జ్ఞానస్నాన (బాప్తిస్మ) పత్రాన్ని ఒప్పుకోరు, ఆరు నెలల లోపు తీసుకున్న కొత్త ప్రతినే తెమ్మంటారు. ఇదేం చాదస్తమని మాలో చాలామంది విసుక్కున్నారు గానీ, ఫాదర్ గారు కారణం వివరించాక ఎవరూ మాట్లాడలేదు. కథోలికులకు పెళ్లి జరిగితే ఆ వివరాన్ని వారు జ్ఞానస్నానం పొందిన విచారణకు పంపి, అక్కడి జ్ఞానస్నాన పుస్తకంలో వారి పేరు పక్కనే నమోదు చేయిస్తారు. కొత్త ప్రతిలో ఆ గడి ఖాళీగా ఉందంటే ఆ వ్యక్తికి ఇదివరకు శ్రీసభలో పెళ్లి జరగలేదన్నమాట. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తున్న వరుడి గురించి ఆరా తీసే దారి దొరకని తల్లిదండ్రులకు ఆ పాత పుస్తకం చేసే మేలు చిన్నది కాదు.

మొత్తం తరగతుల్లో నాకు అత్యంత విలువైనదిగా తోచింది సమ్మతిని గురించిన పాఠం. ఇద్దరూ జ్ఞానస్నానం పొందినవారైతే వివాహమనే దివ్యసంస్కారాన్ని (దేవుని కృపను అందించే పవిత్ర క్రియను) ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులేననీ, గురువు శ్రీసభ తరఫున సాక్షిగా నిలబడి వారి సమ్మతిని స్వీకరిస్తారనీ చెప్పారు. మన పెళ్లిళ్లలో ఉంగరాలతో పాటు ఆశీర్వదించిన మంగళసూత్రం కూడా ఉంటుంది, ఫోటోగ్రాఫర్లు ఆ ఘట్టం కోసమే కాచుకుని ఉంటారు. కానీ పెళ్లి అంతకు ముందే, ఇద్దరూ నోటితో సమ్మతి తెలిపినప్పుడే జరిగిపోయినట్టు. భయపెట్టో బలవంతపెట్టో రాబట్టిన సమ్మతితో జరిగిన పెళ్లి శ్రీసభ చట్టం ప్రకారం చెల్లదు.

ఈ సూత్రం ఉపన్యాసంతో ఆగిపోదు. పెళ్లికి ముందు ప్రశ్నావళి నింపేటప్పుడు విచారణ గురువులు వధువునూ వరుణ్ణీ విడివిడిగా పిలిచి, ప్రమాణం చేయించి అడుగుతారు. నా వంతు వచ్చినప్పుడు మా మేనత్త కూడా లోపలికి రాబోతే, "మీరు బయట కూర్చోండమ్మా, ఇది అమ్మాయి ఒక్కతే చెప్పాలి" అని ఫాదర్ గారు తలుపు దగ్గరగా వేశారు. ఈ పెళ్లి మీకు ఇష్టమేనా, ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా, పిల్లలు వద్దని ముందే షరతు ఏమైనా పెట్టుకున్నారా అని ఒక్కొక్కటే అడుగుతూ, నేను చెప్పిన జవాబును రాసుకుని, చదివి వినిపించి, చివర నా చేత సంతకం పెట్టించారు. మాది ప్రేమ వివాహం కాబట్టి జవాబులకు నేను తడుముకోలేదు. పెద్దలు కుదిర్చిన సంబంధం విషయంలో మాత్రం, ఇంటివాళ్లెవరూ లేని గదిలో అమ్మాయిని కూర్చోబెట్టి ఆమె ఇష్టాన్ని అడిగి, రాతపూర్వకంగా నమోదు చేసే ఏర్పాటు మన సమాజంలో ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

కథోలికేతరులను పెళ్లాడేవారి పట్ల ఉపన్యాసకులు మర్యాదగా, నిజాయితీగా వ్యవహరించారు. ఇలాంటి పెళ్లికి పీఠాధిపతుల (బిషప్) అనుమతి కావాలనీ, అనుమతి లభిస్తే పెళ్లి చెల్లుతుంది గానీ దివ్యసంస్కారం కాదనీ దాచకుండా చెప్పారు. తన విశ్వాసాన్ని నిలుపుకుంటానని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించడానికి తన శక్తి మేరకు ప్రయత్నిస్తానని మాట ఇవ్వవలసింది కథోలిక పక్షం మాత్రమే, రెండో పక్షానికి ఆ మాట సంగతి తెలిస్తే చాలు. మతం మార్చుకోమంటారేమోనని బిగుసుకుని కూర్చున్న నా భర్త ఈ మాట విన్నాక తేలికపడ్డారు.

కుటుంబ నియంత్రణకు ఒక పూట దాదాపు పూర్తిగా కేటాయించారు. నర్సుగా పనిచేసిన ఒక సిస్టర్ గారు గర్భం వచ్చే రోజులను శరీర లక్షణాలను బట్టి గుర్తించే బిల్లింగ్స్ పద్ధతిని ఎంత శ్రద్ధగా నేర్పారంటే, అంతవరకు తల వంచుకుని ఉన్న అబ్బాయిలు కూడా పెన్నులు తీశారు. రుతుస్రావం రోజులకు ఎర్ర బిళ్ల, పొడిగా ఉండే రోజులకు ఆకుపచ్చ బిళ్ల, గర్భం వచ్చే అవకాశమున్న రోజులకు పసిపాప బొమ్మ ఉన్న తెల్ల బిళ్ల అతికించిన పట్టికను ఆవిడ వరుస వరుసకూ తిప్పారు. శరీరం గురించి ఇంత సూటిగా, వెకిలితనం లేకుండా చెప్పే తరగతి కాలేజీల్లోనూ దొరకదు. అయితే దీని వెనకనున్న బోధనను వివరించిన తీరు నాకు తృప్తినివ్వలేదు. కృత్రిమ పద్ధతులు తగవని ఆరవ పౌలు జగద్గురువులు (పోప్) 1968లో విశ్వలేఖ (శ్రీసభ అంతటికీ రాసే బోధనా లేఖ) వెలువరించడానికి ముందు, ఈ విషయాన్ని పరిశీలించిన సంఘంలో ఎక్కువమంది మార్పునే కోరారన్న చరిత్రను ప్రస్తావించనే లేదు. ఇక్కడి పరిస్థితి సంగతీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. నేనెరిగిన కథోలిక కుటుంబాలు ఇందుకు మినహాయింపేమీ కావు. బోధనకూ ఆచరణకూ మధ్య ఇంత దూరం ఎందుకు ఏర్పడిందో చర్చించకుండా పట్టికలు మాత్రమే పంచితే, అవి బీరువాకే చేరతాయి.

అసలు లోటు వేరే ఉంది. పడకగది విషయాల్లో అంత వివరంగా మాట్లాడినవారు కట్నం, కులం దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించారు. ప్రశ్నలు వేయడానికి పెట్టిన చీటీల డబ్బాలో ఎవరో "కట్నం తీసుకుంటే పాపసంకీర్తనంలో చెప్పాలా?" అని రాసి వేశారు (పాపసంకీర్తనమంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం). హాలంతా నవ్వింది. ఫాదర్ గారు మాత్రం నవ్వకుండా "చెప్పాలి, తిరిగి ఇచ్చేయాలి కూడా" అన్నారు. ఆ రెండు రోజుల్లో నేను విన్న అత్యుత్తమ వాక్యం అదే. దాన్ని అందుకుని 1961 నాటి వరకట్న నిషేధ చట్టాన్నీ శ్రీసభ నీతిబోధనూ పక్కపక్కన పెట్టి గంటసేపు మాట్లాడవలసిన చోట, ఆయన తర్వాతి చీటీ విప్పారు.

కులం గురించి ఆ మాత్రమైనా లేదు. కులంతో సహా "కథోలిక" అని పేర్కొంటూ సంబంధాలు వెతికే పెళ్లి ప్రకటనలు మనకు కొత్త కాదు. జాతి, వర్ణం, సామాజిక స్థాయి ఆధారంగా వివక్ష చూపడం దేవుని సంకల్పానికి విరుద్ధమని 1965లోనే రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ పీఠాధిపతుల సమావేశం) ప్రకటించింది. దళితుల సాధికారత కోసం భారత పీఠాధిపతుల సమాఖ్య 2016లో ప్రత్యేక విధానాన్ని వెలువరించింది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతులు (ఆర్చ్‌బిషప్) పూల అంతోని గారు కార్డినల్ (పోప్ తర్వాతి హోదా) అయి, ఆ స్థానానికి చేరిన తొలి దళితుడిగా నిలిచారు. ఇన్ని ఉండగా, ఒకే బల్లమీద దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర అప్పం) స్వీకరించే రెండు కుటుంబాలు వియ్యమందడానికి ఎందుకు వెనకాడతాయో ఏ ఉపన్యాసకుడూ అడగలేదు. చర్చిలో పెళ్లి నమోదైతే ఎస్సీ ధ్రువపత్రం ఏమవుతుందని ఒక అబ్బాయి లేచి అడిగితే, అది ఆఫీసులో మాట్లాడుకుందామని కూర్చోబెట్టేశారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులు ఎస్సీ హోదాకు దూరమై, మన రాష్ట్రాల్లో బీసీ-సీ జాబితాలో ఒక శాతం రిజర్వేషన్‌తో సర్దుకోవలసి వస్తోంది. హాలులో సగంమందికి అది బతుకు ప్రశ్న.

వివాహ రద్దు గురించి చెప్పిన పాఠం పాతబడిపోయింది. విడాకులు వేరు, మొదటి నుంచీ పెళ్లి చెల్లలేదని తీర్పు ఇవ్వడం వేరు అన్నంతవరకు స్పష్టంగానే ఉంది. కానీ ఆ తీర్పును రెండో న్యాయస్థానం కూడా ధ్రువీకరించాలన్న నియమాన్ని ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లోనే తొలగించగా, తెరపై చూపిన స్లైడ్లలో అది ఇంకా అలాగే ఉంది. స్లైడ్లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉండటం మరో ఇబ్బంది. చేతికిచ్చిన తెలుగు పుస్తకం మాత్రం చదవదగినది.

లోపాలు ఎన్ని చెప్పినా, సమ్మతి పాఠం కోసమూ సిస్టర్ గారి తరగతి కోసమూ ఈ తరగతులకు నేను ఐదుకు మూడున్నర ఇస్తాను. కథోలికేతరులను పెళ్లాడేవారు పీఠాధిపతుల అనుమతికి పట్టే సమయాన్ని కూడా కలుపుకుని, పెళ్లికి కనీసం మూడు నెలల ముందే పేర్లు ఇవ్వడం మంచిది. తపస్సుకాలంలో (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలంలో) సాధారణంగా పెళ్లిళ్లు పెట్టుకోరు కాబట్టి, దానికి ముందు జరిగే తరగతులకు రద్దీ ఎక్కువ. చీటీల డబ్బా ఎక్కడుందో వెళ్లగానే చూసుకోండి, అడగవలసినవి అందులోనే వేయండి.