గరువు నేలలో మొక్కజొన్న: యూరియా చాలని చోట ఏ రకం నిలిచింది?

ఒడిశాలోని రాయగడ జిల్లాలో మాది ఎర్ర గరువు. గట్టి వాన పడితే వేసిన యూరియా నీటితో పాటు కిందికి దిగిపోతుంది. ఈ నేలలో ఏళ్లుగా మూడు విత్తనాలు వేస్తున్నాను: కొండ ఊళ్లలో దొరికే నాటు మొక్కజొన్న, హైదరాబాద్ రాజేంద్రనగర్ మొక్కజొన్న పరిశోధన కేంద్రం రూపొందించిన డీహెచ్‌ఎం-117 అనే హైబ్రిడ్, దుకాణంలో కొన్న ఒక ప్రైవేటు హైబ్రిడ్.

ఖరీఫ్ మొక్కజొన్నకు ఎకరానికి 72 నుంచి 80 కిలోల నత్రజని వేయమంటారు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకే. అంటే మూడున్నర నుంచి నాలుగు బస్తాలు. మా వైపు అంత వేయగలిగేవారు తక్కువ. అందుకే ప్యాకెట్ మీద రాసిన దిగుబడిని నేను నమ్మను. ఎరువు ఆలస్యమైన ఏడాది పంట ఎలా ఉందన్నదే నాకు లెక్క.

ప్రైవేటు హైబ్రిడ్ నిండుగా మేపితే అన్నిటికంటే ఎక్కువ పండింది. రెండో దఫా యూరియా అందని ఏడు మాత్రం అడుగు ఆకులు కొన నుంచి ఈనె వెంబడి పసుపెక్కాయి, కండె కొన పీచు బాగా ఆలస్యంగా వచ్చింది. అప్పటికి పుప్పొడి రాలిపోవడంతో కండెలు సగం బోడిగా మిగిలాయి. అదే ఏడు డీహెచ్‌ఎం-117లోనూ ఆకులు పాలిపోయాయి కానీ జల్లు (మొక్క తలపై వచ్చే, పుప్పొడి రాల్చే మగపూత) వచ్చిన కొద్ది రోజులకే పీచు వచ్చింది. కండె చిన్నదైనా చివరిదాకా గింజ కట్టింది. నత్రజని తక్కువ నేలలకు రకాలను ఎంపిక చేసే శాస్త్రవేత్తలు కూడా జల్లుకూ పీచుకూ మధ్య ఎడం చూస్తారు. పొలంలో ఎవరైనా చూడగలిగిన గుర్తు ఇది.

నాటు రకం ఏ ఏడూ పూర్తిగా చేయివ్వలేదు. విత్తనం ఇంట్లోనే దాచుకోవచ్చు, కాల్చిన పొత్తు రుచికి సాటి లేదు. దిగుబడి మాత్రం తక్కువ. ఎరువు పెంచినా ఏపుగా పెరిగి గాలికి పడిపోతుందే తప్ప గింజ పెరగదు.

మెక్సికోలో వేరు జిగురులోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని తీసుకునే మొక్కజొన్న ఉందని 2018లో పరిశోధకులు ప్రకటించారు. అది మనకు అందే విత్తనం కాదు. తక్కువ నత్రజనిని తట్టుకునే రకమైనా నేలలో ఉన్నదాన్నే తోడుకుంటుంది, కొత్తగా చేర్చదు. అందుకే సాళ్ల మధ్య నేలకు నత్రజని చేర్చే కంది గానీ బొబ్బర్లు గానీ తప్పక వేస్తున్నాను. బొబ్బర్ల తీగను కోత తర్వాత అక్కడే కలియదున్నుతాను.

లేత ఆకుల్లో తెల్లటి చారలు కనిపిస్తే అది జింకు లోపం, దానికి యూరియా పోయడం దండగ.

ఇప్పుడు పశువుల ఎరువు అందే దగ్గరి మడుల్లో డీహెచ్‌ఎం-117, బండి వెళ్లని పై చెక్కలో నాటు రకం వేస్తున్నాను. ఎకరానికి ఒక్క బస్తా యూరియానే దొరికితే విత్తేటప్పుడు వేయను. పైరు మోకాలెత్తు ఎదిగి, నేలలో పదును ఉన్నప్పుడు మొదళ్ల పక్కన వేసి మట్టి ఎగదోయిస్తాను.