కన్వర్టిబుల్ టాప్ వైర్లు తెగితే సోల్డరింగా, క్రింపా, కొత్త హార్నెస్సా: ఏది మేలు?

డల్లాస్‌లో మావాడొకడు సెకండ్‌హ్యాండ్‌లో కన్వర్టిబుల్ (టాప్ తెరుచుకునే కారు) కొన్నాడు, గట్టి టాపే మడత పడి డిక్కీలోకెళ్లే హార్డ్‌టాప్ రకం. బటన్ నొక్కితే డిక్కీ మూత కాస్త లేచి అక్కడే ఆగిపోతోంది. షాపులో చూపిస్తే టాప్‌ని కదిలించే హైడ్రాలిక్ పంప్ పోయింది, మార్చాల్సిందే అన్నారంట, వాడు హడలిపోయి నాకు ఫోన్ కొట్టాడు. "ఒరేయ్, ముందు డిక్కీ మూత మీదున్న బ్రేక్ లైట్ వెలుగుతోందో లేదో చూడు" అన్నా. వెలగట్లేదు!

పంప్‌కీ బ్రేక్ లైట్‌కీ ఏంటి సంబంధం అంటారా, ఆ లైట్ వైరూ డిక్కీ లాక్ స్విచ్ వైరూ హింజ్ దగ్గర ఒకటే కట్టలో వెళ్తాయి, టాప్ కదిలినప్పుడల్లా ఆ కట్ట మడత పడుతుంది, ఏళ్ల తరబడి మడత పడీ పడీ రాగి పోగులు ఒక్కోటీ తెగిపోతాయి. టాప్ కదలికలో ఒక్కో దశకీ ఒక్కో స్విచ్ "అయ్యింది" అని చెప్పాలి, చెప్పకపోతే తర్వాతి దశ మొదలవదు. 1957లో వచ్చిన ఫోర్డ్ స్కైలైనర్ అనే మడత హార్డ్‌టాప్ కారులోనూ ఇదే లెక్క, 610 అడుగుల వైరు, 10 రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), 10 లిమిట్ స్విచ్‌లు (భాగం చివరిదాకా కదిలిందని చెప్పేవి), కంప్యూటర్ మాటే లేదు. ఇప్పుడు మధ్యలో మాడ్యూల్ (టాప్‌ని నడిపే చిన్న కంప్యూటర్) వచ్చింది, అంతే తేడా.

ఆదివారం వెళ్లి పంప్ ఫ్యూజ్ పీకేసి, మూత కింద కర్ర ఆనించి (ఇది మాత్రం మర్చిపోవద్దు, చేతులు పోతాయి) హింజ్ దగ్గర రబ్బరు గొట్టం వెనక్కి లాగాం. రెండు వైర్లు తెగి కనిపిస్తున్నాయి. మూడోది పైకి శుభ్రంగా ఉంది గానీ వేళ్లతో పట్టుకుని లాగితే చూయింగ్ గమ్‌లా సాగింది, లోపల రాగి ఎప్పుడో తెగిందన్నమాట. నాలుగోదానికి మల్టీమీటర్ పెడితే బీప్ వచ్చింది, వాడు సంబరపడ్డాడు, అదే వైరు మీదుగా 21 వాట్ల బల్బు పెడితే ఎర్రగా మినుకుమంది అంతే. ఒక్క పోగు మిగిలినా మీటర్ బీప్ కొడుతుంది, కరెంటు మాత్రం మోయలేదు. అందుకే పవర్, ఎర్త్ వైర్లకి నా ఓటు బల్బుకే. సన్నటి సెన్సర్ వైర్లకి మాత్రం బల్బు వద్దు, అక్కడ మీటర్ పెట్టి కట్టని అటూ ఇటూ వంచుతూ చూడాలి.

ఇక అతికించడం. మావాడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని రెడీగా ఉన్నాడు, మన దగ్గర రేడియోలు బాగుచేసే రోజుల నుంచీ అదే కదా అలవాటు. కదలని చోట సోల్డరింగ్‌కి నేనేమీ వంక పెట్టను, కానీ హింజ్ దగ్గర వద్దు. కరిగిన సీసం పోగుల్లోకి పాకి అంతమేరా వైరు పుల్లలా బిగుసుకుపోతుంది, ఆ పుల్ల చివర దగ్గరే మళ్లీ తెగుతుంది. కొత్త హార్నెస్ (వైర్ల కట్ట మొత్తం) అన్నిటికన్నా శుభ్రం, నిజమే, కానీ ఖర్చు ఎక్కువ, పైగా సగం కారు విప్పాలి. కొన్ని మోడళ్లకి హింజ్ ముక్క వరకే విడిగా దొరుకుతుంది, దొరికితే కళ్లకద్దుకుని కొనండి.

మాకు దొరకలేదు, క్రింపే (వైర్ల కొసలు చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడం) చేశాం. హింజ్‌కి అటూ ఇటూ ఓ జానెడు దూరంలో, వైరు వంగని చోట కట్ చేసి, మధ్యలో అదే మందం ఉన్న సిలికాన్ తొడుగు వైరు వేశాం, సన్నపోగులు ఎక్కువుండి మెత్తగా వంగేది. జాయింట్లన్నీ ఒకేచోట పడితే కట్ట లావెక్కి గొట్టంలో పట్టదు, అందుకని తలా ఒక చోట. లోపల జిగురున్న హీట్‌ష్రింక్ (వేడి తగిలితే ముడుచుకునే గొట్టం) వేస్తే నీళ్లు దిగవు. క్రింప్ కూడా సైజుకి తగ్గ టూల్‌తో వేస్తేనే, పట్టకారుతో నొక్కేసేట్టయితే దానికన్నా సోల్డరే నయం. మెలిపెట్టిన జంట వైర్లుంటే అవి డేటా లైన్లు, మళ్లీ అలాగే మెలిపెట్టాలి.

అంతా అయ్యాక బ్యాటరీకి చార్జర్ తగిలించి బటన్ నొక్కితే టాప్ ఉలుకూ పలుకూ లేదు. ఇద్దరికీ చెమటలు. పావుగంట తర్వాత చూస్తే, డిక్కీలో లగేజీకి అడ్డంగా ఉండే తెర కొక్కేనికి తగిలించలేదు, దానికీ ఓ స్విచ్ ఉంది మరి. తగిలించాం, టాప్ మొత్తం మడుచుకుని డిక్కీలోకెళ్లి కూర్చుంది. పంప్ పాతదే.